ప్రపంచ ఆదివాసులపై తెలుగు వీడియో కోర్సు: భూమి పాఠాలు గట్టివి, బొమ్మల పుస్తకం తేలిక

ప్రపంచంలోని వేర్వేరు ప్రాంతాల ఆదివాసులను పక్కపక్కన నిలబెట్టి చెప్పే ఈ తెలుగు వీడియో కోర్సును గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి కోసమని ప్రచారం చేస్తున్నారు. నేను మాత్రం దీన్ని తరగతి గది అవసరం కోసం కొన్నాను. హనుమకొండలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు పౌరశాస్త్రం బోధిస్తాను. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి చదువుకునే కోయ, నాయకపోడు, లంబాడా పిల్లలు నా తరగతిలో ఉంటారు. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూలు పాఠం వచ్చినప్పుడల్లా వారిలో ఎవరో ఒకరు లేచి, మనలాంటి వాళ్లు వేరే దేశాలల్ల ఎట్లున్నరు సార్ అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు తెలుగులో ఒకేచోట సమాధానం దొరికే సరుకు బజారులో దాదాపు లేదు కనుక, ధర కాస్త ఎక్కువే అనిపించినా తీసుకున్నాను.

డబ్బు కడితే మూడు వస్తువులు చేతికి వస్తాయి: ఫోన్‌లో చూసుకునే వీడియో పాఠాలు, కొరియర్‌లో వచ్చే రంగుల పటాల పుస్తకం, పరీక్షార్థుల కోసం ప్రశ్నల నిధి. వీటిలో చట్టం, భూమి, ప్రభుత్వం గురించిన వీడియో పాఠాలు మాత్రమే పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేస్తాయని నా అభిప్రాయం. సంస్కృతి పాఠాలు పైపైన సాగాయి. పటాల పుస్తకం చూడటానికి బాగుంది, చదివితే నిరాశపరుస్తుంది. ప్రశ్నల నిధిని ఎవరైనా కూర్చుని మొదటి నుంచి సరిచూడాలి.

ఆదివాసులంటే ఎవరు అన్న తొలి పాఠంలో అధ్యాపకుడు జాగ్రత్తగానే అడుగు వేశాడు. అమెరికా ఖండాల్లోనూ ఆస్ట్రేలియాలోనూ ఓడల్లో వచ్చినవారెవరో, అప్పటికే అక్కడ ఉన్నవారెవరో చెప్పడానికి చరిత్రలో తేదీలు ఉన్నాయి. భారతదేశంలో, ఆఫ్రికాలో అలాంటి ఒక్క తేదీ చూపించి గీత గీయడం సాధ్యం కాదు. ఐక్యరాజ్యసమితి 2007 సెప్టెంబరు 13న ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటు వేసింది, అయితే స్వాతంత్ర్యం వచ్చినప్పటి దేశ ప్రజలందరూ ఈ నేలకు మూలవాసులే అన్న తన వైఖరిని మాత్రం వదులుకోలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన 107వ ఒప్పందాన్ని ఆమోదించిన మన దేశం, దాని స్థానంలో 1989లో వచ్చిన 169వ ఒప్పందాన్ని నేటికీ ఆమోదించలేదు. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పి, మన రాజ్యాంగంలోని షెడ్యూల్డు తెగల జాబితా ఒక పరిపాలనా జాబితా అనీ, ప్రపంచ వేదికల మీద మాట్లాడే ఆదివాసీ హోదాతో అది అన్ని చోట్లా అతకదనీ వివరించిన తీరు బాగుంది.

అంతదాకా వచ్చి, తెలంగాణ దగ్గరకు రాగానే అధ్యాపకుడు పక్కకు తప్పుకున్నాడు. లంబాడాలు 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతంలో ఎస్టీ జాబితాలో చేరారన్న ఒక్క వాక్యం చెప్పి తర్వాతి అంశానికి వెళ్లిపోయాడు. ఆ జాబితా చుట్టూ గోండులు, కోయలు, కొలాములు ఒకవైపు, లంబాడాలు మరొకవైపు నిలబడి ఎన్నేళ్లుగా వాదించుకుంటున్నారో ఉట్నూరు నుంచి ఏటూరునాగారం దాకా అందరికీ తెలుసు. కోయ పిల్లవాడూ లంబాడా పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చునే తరగతిలో ఉపాధ్యాయుడు ఈ చర్చను దాటవేయలేడు. ఆఫ్రికాలో పశువుల కాపరులైన మాసాయిలు, వేట మీద బతికిన సాన్ ప్రజలు ఆదివాసులుగా గుర్తింపు కోరినప్పుడు, అక్కడి ప్రభుత్వాలు ఆఫ్రికన్లందరూ మూలవాసులే కదా అని జవాబిచ్చిన సందర్భాలు ఉన్నాయి. మన ప్రభుత్వ వాదనకు దగ్గరి చుట్టం లాంటి ఆ వాదనను ఇక్కడ తెచ్చి పెట్టి ఉంటే పోలికకు అసలైన పని దొరికేది. ఆఫ్రికా మొత్తానికీ కోర్సులో ఇచ్చింది ఒక్క చిన్న పాఠం, అది కూడా కలహారి ఎడారి దృశ్యాలతోనే నిండిపోయింది.

ఇక ఈ కోర్సుకు ప్రాణం లాంటి భూమి పాఠాల సంగతి. మొదట న్యూజిలాండ్. 1840 ఫిబ్రవరి 6న వైతాంగిలో మావోరీ పెద్దలకూ బ్రిటిష్ రాణి ప్రతినిధికీ మధ్య సంతకాలు జరిగాయి. ఆ కాగితాన్ని ప్రభుత్వం దశాబ్దాల పాటు పక్కన పడేసినా, కాగితమంటూ ఒకటి ఉండబట్టే 1975లో వైతాంగి ట్రిబ్యునల్ ఏర్పడిందనీ, మావోరీ తెగలు తమ నష్టాలను లెక్కగట్టి అడగగలిగాయనీ అధ్యాపకుడు తేటగా చెప్పాడు. దాని వెంటనే ఆస్ట్రేలియాను పెట్టడం మంచి ఎంపిక. అక్కడ బ్రిటిష్ వారు ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు, ఆ నేల ఎవరిదీ కాదన్న భావన మీదే పాలన కట్టారు. టోరెస్ జలసంధిలోని మెర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో, తన తండ్రితాతల తోట తమదేనని కోర్టుకెక్కి, తీర్పు వినకుండానే 1992 జనవరిలో చనిపోయాడు. అదే ఏడాది జూన్ 3న అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఆ పాత భావనను కొట్టివేసింది. మరుసటి ఏడాది ఆదివాసీ భూహక్కుల చట్టం వచ్చింది. ఇంత జరిగిన దేశంలోనే, ఆదివాసులకు పార్లమెంటుకు సలహా చెప్పే ఒక సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అని 2023 అక్టోబరు 14న ప్రజలను అడిగితే సుమారు అరవై శాతం మంది వద్దన్నారు. కోర్టులో గెలిచిన వాదన ఓటు పెట్టె దగ్గర ఓడిన ఈ ఉదంతాన్ని తరగతిలో వినిపించినప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నలకు గంట సరిపోలేదు.

అన్నిటికన్నా మంచి పాఠం అమెరికా భూ పంపకాల చట్టం గురించినది. తెర మీద ఎడమవైపు ఆ కాలపు పంపకపు కాగితం, కుడివైపు మన అటవీ హక్కుల పత్రం పెట్టి, ఒక్కో గడినీ వేలితో చూపిస్తూ వివరించాడు. 1887లో అమెరికా ప్రభుత్వం చేసిన డాస్ చట్టం, తెగలు ఉమ్మడిగా అనుభవిస్తున్న భూమిని ముక్కలు చేసి కుటుంబ యజమానికి 160 ఎకరాల చొప్పున రాసిచ్చింది. ఇరవై ఐదేళ్లు ప్రభుత్వ ధర్మకర్తృత్వంలో ఉన్నాక అది అమ్ముకోదగిన సొంత ఆస్తి అవుతుంది, దాని మీద పన్నూ పడుతుంది. పంచగా మిగిలిందన్న నేలను బయటివారికి ఇచ్చేశారు. ఆ చట్టం వచ్చేనాటికి తెగల చేతిలో ఉన్న సుమారు 13.8 కోట్ల ఎకరాలు, 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. ఆదివాసికి మేలు చేస్తున్నామన్న పేరుతోనే ఇదంతా జరిగింది. సొంత పట్టా చేతిలో ఉంటే మనిషి బాగుపడతాడన్నది ఆనాటి సంస్కర్తల నమ్మకం.

కుడివైపు కాగితానికి వస్తే, 2006 నాటి మన అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే వ్యక్తిగత పత్రంలో నాలుగు హెక్టార్లకు మించి ఉండదు, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే అది వర్తిస్తుంది, వివాహితులైతే భార్యాభర్తలిద్దరి పేర్లూ ఎక్కిస్తారు, పిల్లలకు వారసత్వంగా వస్తుంది కానీ అమ్మడానికీ మరొకరికి బదలాయించడానికీ వీల్లేదు. డాస్ చట్టం ఎక్కడ కన్నం పెట్టిందో మన చట్టం సరిగ్గా అక్కడ గొళ్లెం పెట్టిందని అధ్యాపకుడు తేల్చాడు. దాని పక్కన 1/70ని కూడా పెట్టాడు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన ఆ చట్టం ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో భూమి ఎవరు అమ్మినా గిరిజనులకే అమ్మాలి, గిరిజనేతరుడు సాటి గిరిజనేతరుడికి అమ్మినా అది చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని, అందుకు విరుద్ధంగా రుజువయ్యేదాకా, చట్టం భావిస్తుంది. రుజువు చేసుకోవలసిన భారాన్ని బలవంతుడి నెత్తిన పెట్టిన ఇలాంటి నిబంధనను కోర్సులో చూపిన మరే దేశం చట్టంలోనూ నేను చూడలేదు. మన దగ్గర ఉన్నదాని విలువ పరాయి దేశపు కాగితం పక్కన పెట్టినప్పుడే తెలిసొస్తుంది.

ఇంత మంచి పాఠంలోనూ రెండు పెద్ద ఖాళీలు ఉన్నాయి. అటవీ హక్కుల చట్టంలో వ్యక్తిగత పత్రం ఒక సగమే, ఊరంతా కలిసి అడవిని కాపాడుకునే, వాడుకునే సామూహిక హక్కు రెండో సగం. దాన్ని అధ్యాపకుడు పేరు చెప్పి వదిలేశాడు. నార్వే 2005లో చేసిన ఫిన్‌మార్క్ చట్టం, ఆ ప్రాంతంలోని దాదాపు 95 శాతం భూమిని ప్రభుత్వం నుంచి స్థానిక సంస్థకు మార్చిందని ఇంకో పాఠంలో ఆయనే చెప్పాడు. ఆ సంస్థ బోర్డులో సగం మందిని, ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీల పార్లమెంటు నియమిస్తుంది. ఊరుమ్మడి హక్కును చర్చించడానికి అంతకన్నా మంచి జోడీ దొరకదు. ఆ రెండూ రెండు వేర్వేరు పాఠాల్లో ఒకదాని ముఖం ఒకటి చూడకుండా ఉండిపోయాయి.

రెండో ఖాళీ మరీ ఆశ్చర్యం కలిగించింది. తెలుగులో, తెలుగువారి కోసం చేసిన కోర్సులో 1997 నాటి సమత తీర్పు లేదు. విశాఖ ఏజెన్సీలోని బొర్రా ప్రాంతపు గనుల వివాదం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు, 1/70 చెప్పే వ్యక్తి అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందనీ, షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదనీ తేల్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏజెన్సీ అంతటికీ వర్తించిన తీర్పు కనుక ఏటూరునాగారానికీ ఉట్నూరుకూ అది సొంత తీర్పే. నార్వే సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఫోసెన్ ద్వీపకల్పంలోని గాలిమరల అనుమతులు చెల్లవని, రెయిన్‌డీర్ మేపుకునే సామీల సాంస్కృతిక హక్కుకు అవి భంగమని చెప్పిన తీర్పును మాత్రం ఈ కోర్సు వివరంగా చెప్పింది. తీర్పు వచ్చాక కూడా మరలు తిరుగుతూనే ఉండటంతో, 2023లో సామీ యువతీయువకులు ఓస్లోలో మంత్రిత్వ శాఖల వాకిళ్లలో బైఠాయించారు. సమతను దీని పక్కన పెడితే కోర్టు మాటకూ నేల మీద జరిగేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో రెండు దేశాల నుంచి చూపించవచ్చు.

సామీల గురించిన పాఠంలో ఇంకొక లోపం ఉంది. చూపిన ప్రతి దృశ్యంలోనూ రెయిన్‌డీర్ మందే ఉండటం వల్ల సామీలందరూ పశుపాలకులేనన్న భావన కలుగుతుంది. నిజానికి వారిలో కొద్దిమందే ఆ వృత్తిలో ఉన్నారు. చేపలు పట్టేవారు, పట్టణాల్లో ఉద్యోగాలు చేసేవారు మిగతావారు. నార్వేలో 1989లో, స్వీడన్‌లో 1993లో, ఫిన్లాండ్‌లో 1996లో ఏర్పడిన సామీ పార్లమెంట్లకు ఓటర్లు వీరందరూ. ఆల్టా నది మీద జలవిద్యుత్ ఆనకట్టకు వ్యతిరేకంగా 1979లో ఓస్లో పార్లమెంటు ముందు సామీలు గుడారం వేసి నిరాహార దీక్ష చేశారు. ఆనకట్ట ఆగలేదు, కానీ ఆ పోరాటం నుంచే సామీ పార్లమెంటు పుట్టిందని అధ్యాపకుడు చెప్పిన భాగం మాత్రం చక్కగా ఉంది.

కొమురం భీంను తెచ్చిన చోట కోర్సు తడబడింది. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం మరణించిన ఘట్టాన్ని అమెరికాలోని లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ మరణంతో జత కట్టి, ఇద్దరి చిత్రాలనూ పక్కపక్కన చూపించి, నేపథ్యంలో సంగీతం పెట్టి ముగించారు. వీరుడి పక్కన వీరుణ్ణి నిలబెడితే చూసేవారి ఒళ్లు పులకరిస్తుందేమో గాని, తెలిసేది తక్కువ. ఆ తర్వాత రెండు ప్రభుత్వాలూ ఏం చేశాయన్నది అసలు పోలిక. అమెరికాలో 1890లో సిట్టింగ్ బుల్ చనిపోయిన రెండు వారాలకే సైనికులు లకోటాలను కాల్చి చంపిన వూండెడ్ నీ మారణకాండ జరిగింది, అప్పటికే మొదలైన భూముల పంపకం వేగం పుంజుకుంది. హైదరాబాద్ రాజ్యంలో జోడేఘాట్ తర్వాత నిజాం ప్రభుత్వం, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తకు పని అప్పజెప్పింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. గోండులకు భూమి పట్టాలు ఇప్పించే పని, గోండీలో వాచకాలు రాయించి గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే పని ఆ రోజుల్లోనే సాగాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో నేటికీ జరిగే దర్బారు కూడా అప్పుడు మొదలైనదే.

ఈ కథను ఇక్కడితో ఆపితే నిజాం ప్రభుత్వానికి మెచ్చుకోలు పత్రం ఇచ్చినట్లవుతుంది. అలా ఇచ్చిన భూములు వలస వచ్చినవారి చేతుల్లోకి జారిపోవడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి పట్టాల కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరపడం కూడా ఇందులో భాగమే. ప్రభుత్వ లెక్క ప్రకారం పదమూడు మంది చనిపోయారు, అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లని ఆదివాసీ సంఘాలు చెబుతాయి. ఇంద్రవెల్లి పేరు ఈ కోర్సులో ఎక్కడా వినిపించలేదు. పరీక్షల్లో అడగరనుకున్నారో, మరేదైనా మొహమాటమో నాకు అర్థం కాలేదు.

బడుల గురించిన పాఠం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. 1879లో అమెరికాలో ఆదివాసీ పిల్లల కోసం తెరిచిన కార్లైల్ బడి, సుమారు లక్షన్నర మంది పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి పెట్టిన కెనడా వసతి బడులు, ఆస్ట్రేలియాలో తల్లుల ఒడి నుంచి లాక్కుపోయిన పిల్లల తరాలు, వీటన్నిటినీ ఒక పట్టికలో పెట్టి, అదే పట్టిక చివరి వరుసలో మన ఆశ్రమ పాఠశాలలను చేర్చారు. కెనడాలో చట్టం తల్లిదండ్రుల మెడ మీద కత్తి పెట్టి పిల్లలను తీసుకుపోయింది, 2008లో అక్కడి ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మా వైపు గురుకులంలో సీటు కోసం తల్లిదండ్రులే గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయం చుట్టూ తిరుగుతారు, సమ్మక్క జాతర వస్తే పిల్లలను ఇంటికి తీసుకెళ్తారు. ఈ రెండింటినీ ఒకే వరుసలో రాయడం కెనడా తల్లులకూ అన్యాయమే, మా పిల్లలకూ అన్యాయమే.

అయితే పోల్చవలసింది ఒకటి తప్పకుండా ఉంది, అది ఇంటి భాష సంగతి. కోయ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన ఆరేళ్ల పిల్ల బడిలో మొదటి రోజే తెలుగులోకి, ఇప్పుడు నేరుగా ఇంగ్లిష్‌లోకి దిగాలి. మావోరీలు 1982లో పసిపిల్లల కోసం, ఊరి ముసలివాళ్లే తమ భాషలో మాట్లాడుతూ ఆడించే బాలవాడీలు మొదలుపెట్టారు, 1987లో మావోరీ అధికార భాష అయింది. 2011 జనగణనలో దాదాపు ముప్పై లక్షల మంది మాతృభాషగా చెప్పుకున్న గోండీ భాషలకు గుర్తింపునిచ్చే మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. గుంజాల గ్రామంలో దొరికిన ప్రతుల వల్ల బయటపడిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కినా, బడి బోర్డు మీద అది కనిపించేది అరుదే. ఈ పోలిక చేయడానికి కావలసిన సమాచారం కోర్సులోనే ముక్కలు ముక్కలుగా ఉంది.

పటాల పుస్తకం నున్నటి కాగితం మీద, మంచి రంగుల్లో అచ్చయింది. మధ్య పేజీలో రెండు పెద్ద బొమ్మలు ఉన్నాయి: ఎడమవైపు నెమలి ఈకల కిరీటంతో గోండుల గుస్సాడీ నర్తకుడు, కుడివైపు గద్ద ఈకల శిరోభూషణంతో అమెరికా మైదానాల తెగ నాయకుడు. రెండింటి కిందా కలిపి, ఈకలు ధరించి చేసే యుద్ధ నృత్యాలు అని రాశారు. గుస్సాడీ యుద్ధ నృత్యం కానే కాదు. దీపావళి ముందు దండారి పండుగ రోజుల్లో దీక్ష పట్టి, ఒంటికి బూడిద పూసుకుని, భుజాన జంతువు తోలు వేసుకుని, చేతిలో కర్రతో ఊరి నుంచి ఊరికి అతిథిగా వెళ్లే ఆట అది. పోయిన ఊరివాళ్లు ఎదురొచ్చి కాళ్లు కడుగుతారు, రెండు ఊళ్ల మధ్య సంబంధాలు కలుస్తాయి. ఆ కిరీటాన్ని గోండులు దేవుడిగా పూజించి గాని తలకెత్తుకోరు. లకోటా వంటి తెగల్లో గద్ద ఈకను మనిషి చేసిన సాహసానికి గుర్తుగా ఒక్కొక్కటిగా సంపాదించుకోవాలి, అలంకారానికి పెట్టుకోవడం అమర్యాద. అమెరికా ప్రభుత్వం గుర్తించిన ఐదువందల డెబ్బైకి పైగా తెగల్లో చాలా వాటికి అలాంటి శిరోభూషణం సంప్రదాయమే లేదు. ఈ పేజీ తయారుచేసినవారికి రెండు బొమ్మల్లోనూ ఈకలే కనిపించినట్టుంది. మార్లవాయికి చెందిన కనకరాజుకు గుస్సాడీ నేర్పినందుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారన్న ముక్కైనా రాసి ఉంటే, బొమ్మలో ఉన్నది బతికున్న విద్య అని పిల్లలకు తెలిసేది.

మేడారానికి కేటాయించిన పేజీ కూడా ఇంతే. ప్రకృతి ఆరాధన అన్న శీర్షిక కింద దాన్ని జపాన్‌లోని ఐనూల ఎలుగుబంటి క్రతువుతో జత చేశారు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను కోయ పూజారులైన వడ్డెలు తీసుకొచ్చి గద్దెల మీద నిలపడం, జంపన్నవాగులో స్నానం, నిలువెత్తు బంగారమని బెల్లం తూచి ఇవ్వడం, వీటన్నిటి వెనుకా కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగిన కుటుంబం కథ ఉంది. కప్పం కట్టలేమన్నందుకు జరిగిన యుద్ధాన్ని లక్షల మంది రెండేళ్లకోసారి గుర్తుచేసుకునే జాతరను చెట్టూ పుట్టా పూజగా కుదించడం వరంగల్ వైపు వారెవరికీ మింగుడుపడదు.

ఐనూల గురించిన వీడియో పాఠం మాత్రం చిన్నదైనా బాగుంది. వేట, చేపల మీద బతికిన ప్రజలను రైతులుగా మార్చాలని జపాన్ 1899లో చట్టం చేసి, కుటుంబానికి ఐదు హెక్టార్ల దాకా భూమి ఇచ్చి, పదిహేనేళ్లలో సాగు చేయకపోతే వెనక్కు తీసుకుంటామంది. ఆ చట్టం 1997 దాకా పుస్తకాల్లో ఉంది, ఐనూలు ఆదివాసులని చట్టంలో రాయడానికి 2019 దాకా పట్టింది. డాస్ చట్టపు పాఠం చూసిన వెంటనే దీన్ని చూస్తే రెండు ప్రభుత్వాల ఆలోచన ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. లాటిన్ అమెరికా పాఠంలో బొలీవియాకు 2006లో ఐమారా తెగకు చెందిన ఈవో మొరాలెస్ అధ్యక్షుడు కావడం, 2009 రాజ్యాంగం తప్ప చెప్పుకోదగినదేమీ లేదు.

సాంకేతికంగా చూస్తే, అధ్యాపకుడి తెలుగు స్పష్టంగా, తొందర లేకుండా ఉంది. వీడియోలను ఫోన్‌లోకి దించుకునే వీలు ఇవ్వకపోవడం మాత్రం పెద్ద ఇబ్బంది. తాడ్వాయి దాటి అడవిలోకి వెళ్తే సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది, సెలవుల్లో గూడేనికి వెళ్లిన విద్యార్థి ఈ పాఠాలు చూడలేడు. ప్రశ్నల నిధిలో, 2007 ప్రకటనను వ్యతిరేకించిన ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అమెరికా నేటికీ వ్యతిరేకిస్తూనే ఉన్నాయన్న వాక్యాన్ని సరైన జవాబుగా ఇచ్చారు. ఆ నాలుగు దేశాలూ 2010 చివరికల్లా తమ వైఖరి మార్చుకుని మద్దతు ప్రకటించాయి. ఈ తప్పును రాసి పంపితే, వచ్చే ముద్రణలో చూస్తామన్న ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. వీడియోకు, యాప్‌లోని ప్రశ్నకు ముద్రణతో ఏం పనో వారికే తెలియాలి.

గ్రూప్స్ అభ్యర్థులు ప్రశ్నల నిధిని నమ్ముకుని దీన్ని కొనవద్దు. రాజ్యాంగం, భూ చట్టాలు బోధించేవారు, ఏజెన్సీ మండలాల్లో పనిచేసే ఉపాధ్యాయులు కొనవచ్చు. వారు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా, నార్వే, జపాన్ పాఠాలను ఆ వరుసలో చూసి, సమత, ఇంద్రవెల్లి, సామూహిక హక్కులను తామే చేర్చుకోవాలి. కోర్సు గడువు ఏడాది మాత్రమే, ఆ తర్వాత వీడియోలు తెరుచుకోవు, పటాల పుస్తకం ఒక్కటే చేతిలో మిగులుతుంది. అందుచేత భూమి పాఠాలకు నోట్స్ ముందుగానే రాసి పెట్టుకోవడం మంచిది.